పులిసిన పిండికి పండు తోడు

వాఫిల్‌ను పరాయి తిండని తీసిపారేసేవాళ్లూ, నగరపు గొప్ప తిండని మురిసిపోయేవాళ్లూ ఒక్క విషయంలో ఏకమవుతారు. ఇద్దరూ దాన్ని పేరు చూసే అంచనా వేస్తారు. పేరు పక్కన పెట్టి పని చూస్తే మిగిలేది చాలా మామూలు సంగతి. జారుగా కలిపిన పిండిని నెయ్యి రాసిన వేడి అచ్చులో పోసి, అచ్చు ఆకారం వచ్చేదాకా కాల్చడం, అంతే. తమిళనాడు తేని జిల్లాలోని ఆండిపట్టి చుట్టుపక్కల ఊళ్లలో, ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాల వంటిళ్లకు ఈ పని కొత్తది కాదు. ఆ ఇళ్లలో పణియారాలు పోసే గుంతల పెనం, అంటే పణియారక్కల్లు ఉంది, రాత్రికి రాత్రి పులిసే పిండి ఉంది. కాస్త దూరం పోతే కంబం లోయ అరటి తోటలూ ద్రాక్ష పందిళ్లూ ఉన్నాయి. ఇన్ని ఉండగా పండు రుచి వాఫిల్ కోసం అంగడిలో పొడి ప్యాకెట్ కొనాల్సిన అవసరం ఏమిటి? వాఫిల్‌లో మనకు పరాయిది ఏదైనా ఉంటే అది ఆ ప్యాకెట్టే. అచ్చు మనకు చుట్టమే. పిండి మన ఇంటిదే అయితే, పండు మన లోయదే అయితే, ఇంటిల్లిపాదీ కూర్చుని తినే ఉదయపు పలారంగా వాఫిల్‌కు ఇడ్లీ పక్కన చోటివ్వవచ్చు.

ముందు చరిత్ర సంగతి. యూరప్‌లో మధ్యయుగాల నాటికే రెండు ఇనుప పలకలను పటకారులా బిగించి, పొడవాటి పిడులతో నిప్పుమీద పట్టుకుని ఇలాంటి పలారాలు కాల్చేవాళ్లు. 14వ శతాబ్దం చివర పారిస్‌లో రాసిన ఒక గృహనిర్వాహక గ్రంథంలో వీటిని చేసే పద్ధతులు కనిపిస్తాయి. 1559లో చిత్రకారుడు బ్రూగెల్ గీసిన జాతర చిత్రంలోనూ వాఫిళ్లు ఉన్నాయి. ఇక్కడ మనం పట్టించుకోవాల్సింది ఒకటుంది. బేకింగ్ పౌడర్ 19వ శతాబ్దం నడిమి కాలపు సరుకు. అంతకు ముందు వాఫిల్ పిండి పొంగాలంటే ఈస్ట్‌తో పులియబెట్టాలి, లేదా గుడ్లు గిలక్కొట్టాలి. బెల్జియంలో ఇప్పటికీ పేరున్న వాఫిళ్లు చాలావరకు ఈస్ట్‌తో పొంగినవే. అమెరికాలో కార్నీలియస్ స్వార్త్‌వౌట్ పొయ్యిమీద తిప్పి కాల్చే అచ్చుకు 1869 ఆగస్టు 24న పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత కరెంటు అచ్చులు వచ్చాయి, ఆ తర్వాత నీళ్లు పోసి కలిపితే చాలనే పొడులు వచ్చాయి. పండుతో వాఫిల్ తినడం అమెరికాలో బాగా పాకింది మాత్రం 1964 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఒక బెల్జియం కుటుంబం స్ట్రాబెర్రీలు, మీగడ వేసి అమ్మిన తర్వాతే. అంటే ప్యాకెట్ పొడి ఈ కథలో చివర్న వచ్చిన పాత్ర. పులిసిన పిండిదే పెద్దరికం. ఆ లెక్కన ఆండిపట్టి ఇంట్లో గిన్నెలో పొంగి మూత తోసుకొస్తున్న ఇడ్లీ పిండి, పేరుమోసిన కెఫేలో డబ్బాలోంచి తీసిన పొడికన్నా పాత వాఫిల్‌కే దగ్గర.

ఈ మాట కేవలం అభిమానంతో అన్నది కాదు. మినప్పప్పు, బియ్యం కలిసి పులిసేటప్పుడు లోపల జరిగేది చూస్తే తెలుస్తుంది. ల్యూకోనాస్టాక్ వంటి సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరలు తిని ఆమ్లాన్నీ, బొగ్గుపులుసు వాయువునూ విడుదల చేస్తాయి. వాయువు పుట్టినంత మాత్రాన పిండి పొంగదు, దాన్ని పట్టి ఉంచేది ఏదైనా కావాలి. గోధుమపిండిలో ఆ పని గ్లూటెన్ చేస్తుంది. మన పిండిలో మినుముల్లోని జిగురు, మాంసకృత్తులు కలిసి చేస్తాయి. అందుకే మినప్పిండి రుబ్బుతున్నప్పుడే నురగలా తేలికపడుతుంది. వాఫిల్‌కు కావాల్సింది సరిగ్గా ఇదే: లోపల గాలి గూళ్లు, బయట పలుచని కరకర. బియ్యంలో గ్లూటెన్ లేకపోవడం ఇక్కడ లోపం కాకపోగా మేలు చేస్తుంది. మైదా వాఫిల్ కాస్త చల్లారితే తోలులా సాగుతుంది, బియ్యప్పిండి కలిసినది పెళుసుగా విరుగుతుంది. దోసె అంచు ఎందుకు కరకరలాడుతుందో, ఈ వాఫిల్ గళ్ల అంచులూ అందుకే కరకరలాడతాయి.

మన సంప్రదాయంలో లేనిది ఇప్పుడెందుకు అని పెద్దవాళ్లు అడగడం సహజం. ప్రశ్న సహజమే కానీ దాని వెనకున్న ఊహ నిలవదు. మదురై నాయక రాజ్యం 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడి కాలంలో నిలదొక్కుకుంది. దేశాన్ని 72 పాళేలుగా విభజించారు. వాటిలో చాలావాటికి తెలుగు నాయకులే పాళెగాళ్లు. బోడినాయకనూరు, కండమనూరు వంటి పేర్లు ఆ కాలపు గుర్తులే. సైన్యంతో వచ్చినవాళ్లు, పశువులు తోలుకుని వచ్చినవాళ్లు, నేతగాళ్లు, నాగళ్లు పట్టినవాళ్లు దశలుదశలుగా దక్షిణానికి వచ్చి స్థిరపడ్డారు. ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ అలాంటి వలస చుట్టూ అల్లిన నవలే. ఆ వలసదారులకు దక్కినవాటిలో మెట్ట పొలాలే ఎక్కువ. మెట్టలో పండేది జొన్న, సజ్జ, రాగి, సామ, ఊద. ఉదయం తాగేది సజ్జ అంబలో, రాగి అంబలో. ఇడ్లీ, దోసె ఆ పల్లెల్లో చాలాకాలం పండగ తిండి. దీపావళికో, కొత్త అల్లుడు వచ్చినప్పుడో చేసేది. కాలవ నీళ్లు, రేషన్ బియ్యం, కరెంటు గ్రైండర్ వచ్చాకే అది రోజువారీ పలారమైంది. అంటే ఈరోజు సంప్రదాయం పేరుతో మనం కాపాడుతున్న పలారపు పళ్లెం రెండు మూడు తరాల నాటిదే. అది మారినప్పుడు ఎవరి తెలుగుతనమూ తగ్గలేదు. అంతెందుకు, మన జామ, బొప్పాయి, అనాస, జీడిమామిడి, మిరప అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. గులాబీ పువ్వుల పేరుతో ఆంధ్రాలో, అచ్చు మురుక్కు పేరుతో తమిళనాట పండక్కి చేసుకునేది కూడా వేడి అచ్చును పిండిలో ముంచి చేసే పలారమే. అలాంటి అచ్చులతోనే ఉత్తర యూరప్ ఇళ్లలోనూ పండగ పలారాలు చేస్తారు.

సంప్రదాయం గొడవ తీరాక అసలు సంగతి పండు. తేని జిల్లా 1996లో మదురై నుంచి విడివడింది. జిల్లాలో ఆండిపట్టి వైపు వానకు మొహం వాచిన నేల. 1959లో ప్రారంభమైన వైగై ఆనకట్ట పక్కనే ఉన్నా ఊళ్లో చాలా పొలాలు ఆకాశం వైపే చూస్తాయి. పడమటికి పోయేకొద్దీ దృశ్యం మారిపోతుంది. 1895లో పూర్తయిన ముల్లైపెరియార్ ఆనకట్ట కేరళ వైపు పారే నీటిని కొండలోపలి సొరంగం గుండా ఇటు మళ్లించింది. ఆ నీళ్లతోనే కంబం లోయ పచ్చబడింది. చిన్నమనూరు వైపు జీ-9 అరటి, ఎర్ర అరటి తోటలు. కంబం, ఉత్తమపాళెం వైపు పన్నీరు ద్రాక్ష. దీనికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పెరియకుళం వైపు మామిడి. అక్కడి కల్లామై, కాసాలడ్డుతో పాటు, మన బంగినపల్లి, హైదరాబాద్ వాళ్లు హిమాయత్ పేరుతో మురిసే ఇమాంపసంద్ కూడా దొరుకుతాయి. ఇంకాస్త పోతే పళని దగ్గర ఆయక్కుడి జామ, సిరుమలై, విరూపాక్షి కొండ అరటి. బోడి సంతకు వచ్చే యాలకుల సంగతి సరేసరి. పళని పంచామృతంలో కొండ అరటి, బెల్లం, నెయ్యి, తేనె, యాలకులు కలిసినప్పుడు వచ్చే రుచి ఈ ప్రాంతంలో పుట్టిన ఏ నాలుకకూ చెప్పనక్కర్లేదు. పండు రుచి వాఫిల్‌కు వేరే నమూనా వెతుక్కోవడం దండగ. పంచామృతమే నమూనా.

ఇంత పండు దొరికే చోట ప్యాకెట్ మీద పండు బొమ్మ వేసి అమ్మే పొడిలో ఉండేదేమిటి? చాలావాటిలో మైదా, చక్కెర, పొంగించే పొడి, పండు వాసననిచ్చే రసాయనం. ఇందులో ఒక వింత ఉంది. అరటి వాసనకు ముఖ్య కారణం ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థం. అది నిజం అరటిలోనూ ఉంటుంది, సీసాలోనూ దొరుకుతుంది. కానీ నిజం అరటిలో దానితో పాటు మరెన్నో వాసనలు కలిసి ఉంటాయి. సీసాలో చాలావరకు అదొక్కటే. అందుకే ప్యాకెట్ వాఫిల్ అరటికన్నా అరటి చాక్లెట్‌కు దగ్గరగా ఉంటుంది. ద్రాక్ష సంగతి మరీ విడ్డూరం. సాధారణంగా ద్రాక్ష రుచి అని అమ్మేదాంట్లో ఉండే మిథైల్ ఆంత్రనిలేట్ అమెరికాలో పండే కాంకర్డ్ ద్రాక్ష వాసన. మన పన్నీరు ద్రాక్ష మస్కట్ జాతిది. దాని పరిమళం లినలూల్, జెరానియోల్ వంటి పదార్థాలది. గులాబీలోనూ ఉండేవి అవే. కంబం పక్కన కాపురముంటూ ద్రాక్ష రుచి ప్యాకెట్ కొంటే, పిల్లలకు వేరే ఖండపు ద్రాక్షను, అదీ నకలును, ఇదే ద్రాక్ష అని నేర్పుతున్నట్టే. పరాయితనం అనే మాట వాడాలనుకుంటే ఇక్కడ వాడొచ్చు.

అయితే పండు ఉంటే చాలు, గిన్నెలో వేసి కలిపేయొచ్చనుకుంటే వాఫిల్ పాడవుతుంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మామిడిలో, ద్రాక్షలో, జామలో ఐదింట నాలుగు వంతులకు పైగా నీరే. అరటిలో దాదాపు ముప్పావు వంతు. వాఫిల్ కరకరలాడాలంటే పిండిలోని నీరు ఆవిరై పోవాలి. పండు ఎక్కువైతే నీరు ఎక్కువ. నీరు పోయేలోపు పండులోని చక్కెర మాడి అచ్చుకు అంటుకుంటుంది. ద్రాక్షలో, మామిడిలో ఉండే ఫ్రక్టోస్ మామూలు చక్కెరకన్నా తక్కువ వేడికే ఎరుపెక్కుతుంది. వాసన ఇంకో చిక్కు. పన్నీరు ద్రాక్షకు ఆ పేరు తెచ్చిన పరిమళం తేలిగ్గా ఎగిరిపోయే రకం. 180 డిగ్రీల పైబడిన అచ్చులో అది ఆవిరితో పాటు వంటింటి గాలిలో కలిసిపోతుంది. వంటిల్లు ఘుమఘుమలాడితే పళ్లెంలో ఏమీ మిగల్లేదని అర్థం. అందుకే ఏ పండు పిండిలోకి, ఏ పండు పైకి అన్న తీర్పు ముందే జరగాలి.

పిండిలోకి వెళ్లాల్సింది అరటి, పనస. రెండింటికీ గుజ్జు చిక్కన, రుచి వేడికి నిలుస్తుంది, పైగా కాలితే ఇంకా బాగుపడుతుంది. అరటిలోనూ రకం చూడాలి. బాగా మాగిన కొండ అరటి, కర్పూరవల్లి, ఎర్ర అరటి పిండిలో బాగా కలుస్తాయి. జీ-9 తియ్యగా ఉన్నా వాసన తక్కువ, కాబట్టి దానికి యాలకులు దండిగా పడాలి. రస్తాళిలోని చిరుపులుపు పులిసిన పిండితో కలిసి రెట్టింపవుతుంది. ఆ రకాన్ని నేరుగా ఒలుచుకు తినడమే దానికి మర్యాద. పనస తొనలను సన్నగా తరిగి వేయాలి, ముద్ద చేస్తే పీచు అచ్చు గళ్లలో ఇరుక్కుంటుంది. మామిడి, ద్రాక్ష పైకి. మామిడి ముక్కలు పచ్చివే చాలు. ద్రాక్షను చిటికెడు బెల్లంతో మూడు నాలుగు నిమిషాలు మాత్రమే వేడిచేసి, తొక్క చిట్లగానే దించి, గింజలు తీసి, రసంతో సహా వాఫిల్ గళ్లలో పోయాలి. గళ్లున్నది అందుకే. జామ రెంటికీ మధ్యలో ఉంటుంది. గుజ్జును వడగట్టి, బెల్లంతో దగ్గరగా ఉడికించి చారెడు పిండిలో కలపవచ్చు, మిగిలింది పైన పూయవచ్చు. అనాస, బొప్పాయి పిండిలోకి వద్దు. వాటిలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములున్నాయి. పాలు తగిలితే చేదెక్కుతాయి, నిలిచిన పిండిని నీరుగారుస్తాయి. ఉడికించాక పైన వేసుకుంటే పేచీ లేదు.

చేసే విధానం పెద్ద రహస్యమేమీ కాదు. దోసెకు కలిపే దానికన్నా చిక్కగా, ఇడ్లీ పిండికన్నా కాస్త జారుగా ఉన్న పులిసిన పిండి రెండు కప్పులు తీసుకుంటే, చేత్తో మెదిపిన అరటిగుజ్జు అరకప్పు సరిపోతుంది. పిండిలో నాలుగో వంతుకు పండు మించకపోవడమే ఇక్కడి సూత్రం. కరకర కోసం రెండు చెంచాల బియ్యప్పిండి, అంటుకోకుండా రెండు చెంచాల కరిగిన నెయ్యి, పండు తీపిని బట్టి తురిమిన బెల్లం చెంచాడో రెండో, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. నెయ్యి దగ్గర పీనాసితనం పనికిరాదు. అచ్చుకు రాసే నెయ్యికన్నా పిండిలో కలిసిన నెయ్యే వాఫిల్‌ను అచ్చునుంచి ఊడొచ్చేలా చేస్తుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులుండి పుల్లబడ్డ పిండైతే చిటికెడు వంటసోడా వేయాలి. అది పులుపును విరిచి, ఆ పులుపుతోనే బుడగలు పుట్టిస్తుంది. తాజాగా పులిసిన పిండికి సోడా అక్కర్లేదు. పండును ముందు రాత్రే పిండిలో కలిపి పెట్టడం మాత్రం వద్దు. పండు చక్కెర దొరికిన సూక్ష్మజీవులు తెల్లారేసరికి పిండిని కల్లులా పులియబెడతాయి, అరటి నల్లబడుతుంది. అచ్చు బాగా కాగాకే పిండి పోయాలి. మూత మూశాక పక్కలనుంచి ఆవిరి ఎగజిమ్ముతుంది. నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, వాఫిల్‌ను లోపల్నుంచి ఉబ్బించేది అదే. ఆవిరి తగ్గేదాకా మూత తెరవకూడదు. ముందే తెరిస్తే వాఫిల్ రెండు ముక్కలై ఒకటి పైపలకకు, ఒకటి కిందిపలకకు అంటుకుంటుంది. నాలుగైదు నిమిషాలకు ఆవిరి సన్నగిల్లగానే తీసి జాలీమీద పెట్టాలి. పళ్లెంలో ఒకదానిమీద ఒకటి పేరిస్తే వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం చక్కెరది. బియ్యం, బెల్లం, పండు మూడూ కలిసిన పలారం మధుమేహం ఉన్న ఇంటికి మంచిదా అంటే, ఇడ్లీకన్నా మంచిదని చెప్పడం అబద్ధమే అవుతుంది. మెదిపి కాల్చిన పండు నమిలి తిన్న పండుకన్నా త్వరగా రక్తంలోకి చేరుతుంది. ఇక్కడ సవరణకు దారి మెట్ట పొలమే చూపిస్తుంది. బియ్యంలో సగం తీసేసి ఊదలో, సామలో, సజ్జలో నానబెట్టి, మినుములు కాస్త పెంచి రుబ్బితే పిండి పులవడానికి ఏ లోటూ రాదు. సజ్జలు కలిసిన వాఫిల్‌కు గింజ కాలిన కమ్మని వాసన వస్తుంది, అరటితో అది బాగా కుదురుతుంది. బెల్లం పూర్తిగా మానేయవచ్చు, మాగిన అరటి ఉంటే దాని లోటు తెలియదు. పక్కన గుడ్డో, వేరుసెనగ పచ్చడో, గుగ్గిళ్లో ఉంటే పలారం నిలకడగా అరుగుతుంది. ఇన్ని చేసినా ఇది రోజూ తినే పలారం కాదు. వారానికొకసారి చాలు. ఆ ఒక్కసారిని కూడా కెఫేలో మైదా వాఫిల్ మీద చాక్లెట్ పాకం పోసుకుని తినడంతో పోల్చుకోవాలి గానీ, ఉపవాసంతో పోల్చుకుంటే ఏ పలారమూ నెగ్గదు.

పండూ పాలూ కలపడం విరుద్ధాహారం కదా అని ఆయుర్వేదం తెలిసినవాళ్లు అడగవచ్చు. పైన చెప్పిన పిండిలో పాలచుక్క లేదు, నెయ్యి ఒక్కటే ఉంది. పైన మీగడ వేసుకోవడం విదేశీ అలవాటు, మానుకుంటే పోయేదేమీ లేదు. పండును వేడి చేస్తే విటమిన్లు పోవా అన్న ప్రశ్నకు కొంత నిజముంది. విటమిన్ సి వేడికి తగ్గుతుంది. అందుకే మామిడిని పైన పచ్చిగా వేసుకోమన్నది. అరటిలో ఆ విటమిన్ మొదటే తక్కువ.

ఖర్చు, కరెంటు సంగతి చూద్దాం. వాఫిల్ మేకర్ డాబు సామాను అన్న అనుమానానికి కోయంబత్తూరు చరిత్ర జవాబు చెబుతుంది. పైకారా జలవిద్యుత్తు 1930ల్లో ఆ ఊరికి చేరింది. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి దేశంలో తొలి తరం విద్యుత్ మోటారు తయారు చేశారు. ఇద్దరూ ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలవాళ్లే. ఆ మోటారు పరిశ్రమ ఉన్న ఊళ్లోనే 1950ల్లో కరెంటు తడిపిండి గ్రైండర్ పుట్టింది. కోయంబత్తూరు గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రుబ్బురోలు చుట్టూ తిప్పిన చేతులకు అప్పట్లో అదీ డాబు సామానే. 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండర్, ఫ్యాన్ ఉచితంగా పంచాక గ్రైండర్ లేని ఇల్లు అరుదైంది. ఇక కరెంటు లెక్క. 800 వాట్ల వాఫిల్ మేకర్ అరగంట పనిచేస్తే ఖర్చయ్యేది 0.4 యూనిట్. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితమన్నది గుర్తుంటే ఇది మాట్లాడుకోదగ్గ మొత్తమే కాదు. మేకర్ ధర మాత్రం మాట్లాడుకోదగ్గదే. నెలకొకసారి కూడా వాడనివాళ్లు కొనకపోవడమే తెలివి. గ్యాస్ పొయ్యిమీద పెట్టే మడత అచ్చులు ఉన్నాయి, అదీ వద్దనుకుంటే పణియారక్కల్లు ఉండనే ఉంది.

అలాంటప్పుడు పణియారమే చేసుకోవచ్చు కదా? ఈ కథనం ఎదుర్కోవాల్సిన అసలు ప్రశ్న ఇదే. అరటి, బెల్లం వేసిన తీపి పణియారం ఈ ప్రాంతానికి కొత్త కాదు. రాయలసీమవాళ్లు గుంతపొంగణాలనే వాటికి ఇది తోబుట్టువు. నిజం చెప్పాలంటే పిండి ఒకటే, పండు ఒకటే, తేడా ఆకారంలోనే. కానీ ఆకారం చిన్న విషయం కాదు. గుండ్రటి వస్తువుకు లోపలి భాగం ఎక్కువ, పైభాగం తక్కువ. పణియారంలో మనం ఇష్టపడేది ఆ మెత్తని కడుపునే. గళ్లు పడిన పలుచని పలకకు పైభాగం ఎక్కువ, లోపలిది తక్కువ. వాఫిల్‌లో తినేది ఆ కరకరనే, గళ్లలో నిలిచే పండురసాన్నే. పణియారం మీద ద్రాక్షరసం పోస్తే జారిపోతుంది. పండును పైన వేసుకునే వీలు వాఫిల్‌కే ఉంది. వేడికి నిలవని పండ్లకు ఉదయపు పలారంలో చోటు దొరికేది అందువల్లే. బడికి డబ్బాలో కట్టాలంటే మాత్రం పణియారమే గెలుస్తుంది, మధ్యాహ్నానికి వాఫిల్ చెప్పుతోలు. ఒకటి వచ్చి ఇంకోదాన్ని గెంటేస్తుందన్న భయం అక్కర్లేదు. ఒకే గిన్నె పిండిలో సగం ఇందులో, సగం అందులో పోసుకునే ఇల్లు రెంటినీ నిలబెట్టుకుంటుంది.

ఇంటిల్లిపాది పలారమని మొదట్లో అన్న మాటకు ఒక లెక్క బాకీ ఉంది. దోసె రోజున ఇంట్లో ఎవరు ఎక్కడుంటారు? తినేవాళ్లు కూర్చుని ఉంటారు. పోసే మనిషి, దాదాపు ఎప్పుడూ ఆడమనిషే, పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. దోసె నిమిషానికొకసారి చూపు అడుగుతుంది, కాబట్టి ఆమె కదలలేదు. అందరిదీ అయ్యాక, చట్నీ అడుగంటాక ఆమె వంతు. వాఫిల్ మేకర్‌కు తీగ ఉంది, పొయ్యితో పనిలేదు. భోజనాల బల్లమీదో, బల్లలేని ఇంట్లో కూర్చునే చోట పీటమీదో పెట్టవచ్చు. పిండి పోసి మూత మూస్తే నాలుగైదు నిమిషాలు దాని జోలికి పోనక్కర్లేదు. ఆ నాలుగైదు నిమిషాలూ పోసినామె కూర్చుని తినవచ్చు. పోసేది ఆమే కానక్కర్లేదు కూడా. గరిటెడు పిండి పోసి మూతేయడం పన్నెండేళ్ల కుర్రాడికీ చేతనవుతుంది, వాళ్ల నాన్నకూ చేతనవుతుంది. ఆరుగురున్న ఇంట్లో ఒక్కొక్కటిగా చేస్తే ఎప్పటికి తెమిలేది అంటారు. నిజమే, అరగంట పడుతుంది. దోసెలకూ అంతే పడుతుంది, కాకపోతే ఆ అరగంటా ఒకరి కాళ్లమీద గడిచిపోతుంది కాబట్టి మిగతావాళ్లకు తెలియదు. వాఫిల్ దగ్గర అందరూ ఒక్కొక్కదాన్నీ నలుగురికీ తుంచుకుంటూ, తర్వాతిది ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉంటారు.

ఆదివారం మాత్రం ఈ ప్రయత్నానికి అంత మంచి రోజు కాదు. మదురై సీమలో ఆదివారం ఉదయానికి మాంసం పులుసే రాణి. ఇడ్లీలోకి పాయానో, కుడల్ కుళంబో పొగలు కక్కుతున్న ఇంట్లో అరటి వాఫిల్‌ను ఎవరూ తలెత్తి చూడరు. పెరుమాళ్లను కొలిచే తెలుగు ఇళ్లకు తమిళ పంచాంగంలోని పురట్టాసి నెల అనువైనది. ఆ నెలంతా, కనీసం శనివారాలైనా, చాలా ఇళ్లలో మాంసమూ గుడ్డూ ముట్టరు. కెఫే వాఫిళ్లలో చాలావాటిలో గుడ్డు పడుతుంది, పైన చెప్పిన పిండిలో గుడ్డు మాటే లేదు, మినుములే ఆ పని చేస్తాయి. మామిడి అప్పటికి వెళ్లిపోయి ఉంటుంది గానీ, కంబం పందిళ్లలో పన్నీరు ద్రాక్షకు ఏడాది పొడవునా కాపు ఉంటుంది, అరటికి ఎలాగూ కాలంతో పనిలేదు. శుక్రవారం రాత్రి రుబ్బి పెట్టుకుంటే శనివారం పూజయ్యేసరికి పిండి సిద్ధంగా ఉంటుంది.